చీటీ చేత్తో రాయాలా, ప్రింట్ ఇవ్వాలా: చిన్న క్లినిక్‌కి ఏ ఈ-ప్రిస్క్రిప్షన్ సరిపోతుంది?

మా క్లినిక్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టిన మొదట్లో ఒక పెద్దావిడ రివ్యూకి వచ్చారు. థైరాయిడ్ మాత్ర ఒక్క రోజు కూడా మానలేదన్నారు. రక్తపరీక్షలో థైరాయిడ్ అదుపును చూపే టీఎస్‌హెచ్ మాత్రం దిగలేదు. "ఎప్పుడు వేసుకుంటున్నారమ్మా?" అంటే, "చీటీలో ఉన్నట్టే డాక్టరుగారూ, భోజనానికి ముందు" అన్నారు. ఆవిడకు పొద్దున ఎనిమిదికి టిఫిను, పదకొండుకి టీ, ఒంటిగంటకు భోజనం. మాత్ర పన్నెండున్నరకు పడుతోంది.

నేను నొక్కిన బటన్ 'బిఫోర్ ఫుడ్'. సాఫ్ట్‌వేర్ దాన్ని 'భోజనానికి ముందు' అని తెలుగు చేసి ప్రింట్ ఇచ్చింది. మన ఇళ్లలో ఇడ్లీని భోజనం అనరని ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు తట్టలేదు, నాకూ తట్టలేదు. అంతకుముందు నేను ఇంగ్లీషులో ఏం గిలికినా మా కాంపౌండర్ "పొద్దున లేవగానే, కాఫీ కూడా తాగకుండా వేసుకోవాలి" అని నోటితో చెప్పేవాడు. ప్రింటు వచ్చాక, అంతా చీటీలోనే ఉంది కదా అని చెప్పడం మానేశాడు.

అయినా నేను మళ్లీ చేతిరాతకు వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో, ఈలోపు ఏమేం వాడి చూశానో, ఎవరికి ఏది పనికొస్తుందో ఇక్కడ రాస్తున్నాను. సొంత క్లినిక్ ఉన్న డాక్టర్లకు, పదీ ఇరవై పడకల నర్సింగ్ హోమ్ నడిపేవాళ్లకు, భర్తో భార్యో డాక్టరైతే క్లినిక్ లెక్కలు చూసుకునేవాళ్లకు ఇది పనికొస్తుందనుకుంటున్నాను.

## ముందు ఒక అపోహ

"అమెరికాలో డాక్టరు బటన్ నొక్కగానే ఫార్మసీకి వెళ్లిపోతుందట, ఇక్కడ ఈ కాగితం ఏంటి?" అని అక్కడ పిల్లలున్న పేషెంట్లు అడుగుతుంటారు. నిజమే, అక్కడ సూర్‌స్క్రిప్ట్స్ లాంటి నెట్‌వర్క్ డాక్టర్లనూ ఫార్మసీలనూ కలుపుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో 2016 మార్చి 27 నుంచి ఎలక్ట్రానిక్ ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి. మన దగ్గర ప్రతి క్లినిక్‌నూ ప్రతి మందుల షాపునూ కలిపే అలాంటి వ్యవస్థ ఇంకా లేదు. కాబట్టి ఇక్కడ ఈ-ప్రిస్క్రిప్షన్ కొంటే చేతికొచ్చేది అందరూ చదవగలిగే చీటీ ఒకటి, వెతికితే దొరికే రికార్డు ఒకటి. అంతకు మించి అమ్మేవాళ్లు ఏం చెప్పినా సగం తగ్గించి వినండి.

అలాగని కాగితం మీదే శాశ్వతంగా ఉండిపోవచ్చనీ అనుకోవద్దు. మందులు జెనెరిక్ పేర్లతో, స్పష్టంగా, వీలైతే కాపిటల్ అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధన సవరించింది. 2025 ఆగస్టులో పంజాబ్-హర్యానా హైకోర్టు, చదవగలిగే చీటీ పొందడం రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 (జీవించే హక్కు) కింద పేషెంటు హక్కు అంది. రెండేళ్లలో డిజిటల్‌కు మారాలని, అప్పటిదాకా కాపిటల్ అక్షరాల్లో రాయాలని ఆదేశించింది. ఆ తీర్పు మన రాష్ట్రాలకు నేరుగా వర్తించదు కానీ గాలి ఎటు వీస్తోందో తెలుస్తూనే ఉంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

చీటీ చదివేది ముగ్గురు: ఇంట్లో పేషెంటు, కౌంటర్ వెనక మందుల షాపు కుర్రాడు, ఆరు నెలల తర్వాత ఇంకో డాక్టరు. ఆ మూడో మనిషి చాలాసార్లు మనమే. ఏ పద్ధతినైనా నేను ముందు వీళ్ల వైపు నుంచి చూస్తాను. ఆ తర్వాతే మన సౌకర్యం.

పేషెంటుకు అర్థం కావాలి. తెలుగులో ప్రింట్ రావడం ఒక్కటే చాలదు, ఆ తెలుగు వాక్యాన్ని మనం మార్చుకునే వీలుండాలి. నేను థైరాయిడ్ మాత్రకు 'పొద్దున లేవగానే పరగడుపున, అరగంట దాకా కాఫీ, టీ వద్దు' అని పెట్టుకున్నాను. ఎస్‌ఓఎస్ అంటే 'నొప్పి ఉంటేనే'. ఓడీ అని ఎక్కడా రానివ్వను. మనకది రోజుకోసారి, కంటి డాక్టరుకు కుడి కన్ను.

షాపుకు సందేహం రాకూడదు. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో 65వ రూల్ ప్రకారం చీటీ మీద డాక్టరు సంతకం, తేదీ, పేషెంటు పేరు, చిరునామా, మందు మొత్తం ఎంత ఇవ్వాలన్నది ఉండాలి. ఆఖరిది చేతిరాతలో మనం దాదాపు ఎప్పుడూ రాయం. 'ఐదు రోజులు, మూడు పూటలా' అని పెడితే 15 అని సాఫ్ట్‌వేరే వేస్తుంది. ఇంకొకటి: మళ్లీ మళ్లీ ఇవ్వొచ్చని డాక్టరు రాస్తే తప్ప ఒక చీటీ మీద మందు ఒక్కసారే ఇవ్వాలి. బీపీ, షుగర్ పేషెంట్లకు 'మూడు నెలల వరకు ఇవ్వవచ్చు' అన్న వాక్యం టెంప్లేట్‌లో పెట్టేసుకోండి.

నిమిషాలు. అమ్మేవాళ్లు చెప్పనిది ఇదే. మొదటి వారంలో నాకు ఒక్కో చీటీకి చేతిరాత కంటే ఒకటిన్నర నిమిషం ఎక్కువ పట్టింది. సాయంత్రం ఓపీ 70 మంది అనుకుంటే గంటా ముప్పావు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు మీ డిజిటల్ ఉత్సాహాన్ని మెచ్చుకోరు. మూడో నెలకు తేడా దాదాపు పోయింది, కానీ ఆ మూడు నెలలు తట్టుకోవాలి.

సంతకం. ప్రింట్ తీసి పెన్నుతో సంతకం పెడితే ఏ గొడవా లేదు. కాగితం లేకుండా పీడీఎఫ్ మాత్రమే ఇస్తానంటే సంగతి వేరు. సంతకం ఫొటో తీసి దాని మీద అతికించడం ఐటీ చట్టం చెప్పే ఎలక్ట్రానిక్ సంతకం కాదు. డిజిటల్ సిగ్నేచర్ ఉన్న యూఎస్‌బీ టోకెన్ గానీ ఆధార్ ఈ-సైన్ గానీ కావాలి.

రికార్డు ఎవరి చేతిలో ఉంది? దీని గురించి ఉచిత యాప్‌ల దగ్గర విడిగా చెబుతాను.

కరెంటు, ఇంటర్నెట్ సంగతి మీ ఊరిని బట్టి. ఇంటర్నెట్ పోతే ఆగిపోయేదాన్ని మండల కేంద్రంలో పెట్టుకోవద్దు, అంతే.

## ఒక్కొక్కటీ చూద్దాం

### కాగితమే, కాకపోతే పద్ధతిగా

దీన్ని చిన్నచూపు చూడొద్దు. పేరు, వయసు, బరువు, మందు, ఎన్ని రోజులు, మొత్తం ఎన్ని అని గళ్లు గీయించి, 'ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, తినకముందు, తిన్నాక' అని తెలుగులో అచ్చు వేయించిన ప్యాడ్ ఉంటే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. కాపిటల్ అక్షరాల్లో రాసి గళ్లలో టిక్ పెట్టడమే. కార్బన్ పెడితే ఒక కాపీ మన దగ్గర ఉంటుంది.

లోటు తెలిసిందే. పాత కాపీ వెతకలేం, పేషెంటు చీటీ పోగొట్టుకుంటే కథ మొదటికి వస్తుంది, పెన్సిలిన్ పడదని గత ఏడాది చెప్పింది ఎవరికీ గుర్తుండదు. ఓపీ రోజుకు ఇరవై మంది లోపు ఉండి, ఇంకో రెండు మూడేళ్లలో ప్రాక్టీసు ఆపేద్దామనుకునేవాళ్లకు మాత్రం నేను ఇదే చెబుతాను.

### స్మార్ట్ పెన్, టాబ్లెట్ మీద రాత

రాసే అలవాటు మార్చుకోనక్కర్లేదు, కాపీ కంప్యూటర్‌లోకి వెళ్తుంది. గిలికిన రాత గిలికినట్టే వెళ్తుంది. రికార్డు మిగులుతుందే గానీ షాపు కుర్రాడి కష్టం అక్కడే ఉంటుంది. దీనికి డబ్బు పెట్టమని నేను చెప్పను.

### వర్డ్ ఫైలు, ప్రింటరు

చాలామంది ఇక్కడే మొదలుపెడతారు, నేనూ అంతే. ఖర్చు లేదు, తెలుగు మనకు నచ్చినట్టు రాసుకోవచ్చు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ప్రమాదం ఎక్కడంటే, నిన్నటి పేషెంటు ఫైలు తెరిచి పేరు మార్చి ప్రింట్ కొడతాం. ఒకసారి నేనలా కొట్టిన చీటీలో కింద పాత పేషెంటు షుగర్ మాత్ర ఉండిపోయింది. జ్వరంతో వచ్చిన కుర్రాడికి షుగర్ మాత్రేమిటని షాపు నుంచి ఫోన్ చేశారు కాబట్టి సరిపోయింది. ఆ నెలలోనే వర్డ్ ఫైలుకు స్వస్తి చెప్పాను. అచ్చు అందంగా ఉంటే తప్పు కూడా నమ్మకంగా కనిపిస్తుంది, అదే దీనితో వచ్చిన చిక్కు.

### ఉచిత యాప్

డాక్టరు దగ్గర పైసా తీసుకోని యాప్‌లు కొన్ని ఉన్నాయి. ఫోన్‌లోనో టాబ్‌లోనో నడుస్తాయి, పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపిస్తాయి, పాత పేషెంటు నంబరు కొట్టగానే చరిత్ర తెస్తాయి. వాడకానికి చాలా బాగుంటాయి. మరి ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడొద్దు.

ఎందుకంటే అమెరికాలో జరిగింది మన ముందుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రాక్టీస్ ఫ్యూజన్ అనే కంపెనీ డాక్టర్లకు రికార్డుల సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇచ్చేది. ఓపియాయిడ్లు, అంటే అలవాటుపడే ప్రమాదమున్న నల్లమందు తరహా నొప్పి మందులు, తయారుచేసే ఒక కంపెనీ దగ్గర డబ్బు తీసుకుని, పేషెంటు నొప్పి గురించి డాక్టరుకు కనిపించే అలర్ట్‌లను ఆ మందుల అమ్మకం పెరిగేలా తయారుచేసిందని తేలింది. 2020 జనవరిలో ఆ కేసులు తేల్చుకోవడానికి 14.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. తెర మీద కనిపించేది వైద్య సలహా అనుకుంటూ డాక్టర్లు ప్రకటన చూస్తూ వచ్చారన్నమాట.

మన దగ్గర ఉచితమైనవన్నీ అలాంటివేనని నేను అనడం లేదు. కానీ మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. నా చీటీల సమాచారం, పేరు తీసేసైనా సరే, మందుల కంపెనీలకు వెళ్తుందా? మందు పేరు కొడుతుంటే ఏ బ్రాండు పైన రావాలో ఎవరు నిర్ణయిస్తారు? రేపు మానేస్తే నా రికార్డులన్నీ ఎక్సెల్‌లో ఇస్తారా? సమాధానం ఈమెయిల్‌లో రాకపోతే అదే సమాధానం. వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని రూల్స్ 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. రేపు పేషెంటు "నా వివరాలు వాళ్లకెందుకు వెళ్లాయి?" అని అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది మన క్లినిక్కే.

నాకు తగిలిన దెబ్బ మూడో ప్రశ్న దగ్గర. నేను వాడిన ఒక యాప్ ఉన్నట్టుండి సేవ ఆపేసింది. రికార్డులు ఇచ్చారు, విడివిడి పీడీఎఫ్‌లుగా. ఒక్కో చీటీకి ఒక ఫైలు, ఫైలు పేరు ఏదో అంకె. వేలకొద్దీ ఫైళ్లలో ఎవరిది ఏదో వెతకడం కంటే గోనెసంచిలో కార్బన్ కాపీలు వెతకడమే నయం.

### నెలవారీ చందా కట్టే క్లినిక్ సాఫ్ట్‌వేర్

ప్రాక్టో రే, హెల్త్‌ప్లిక్స్, ఏకా కేర్ అనేవి తరచూ వినిపించే పేర్లు. ఏది ఉచితం, ఏది చందా, ఎంత అనేది మారుతూ ఉంటుంది కాబట్టి ధరలు రాయడం లేదు. ఒంటరి డాక్టరుకు నా ఓటు ఈ వర్గానికే, మూడు కారణాల వల్ల.

ఒకటి, ఇష్టమైన మందుల సెట్లు. మన ఓపీలో ఎక్కువమంది పదిహేను ఇరవై రకాల సమస్యలతోనే వస్తారు. ఒక్కోదానికి సెట్ తయారుచేసుకుంటే చీటీ నాలుగు నొక్కుల్లో అయిపోతుంది. సెట్లు ఆదివారం పూట కూర్చుని మీరే తయారుచేసుకోండి, కంపెనీ మనిషి ఇచ్చిన రెడీమేడ్ సెట్లు వాడొద్దు.

రెండు, ఫోన్ చేస్తే ఎత్తే మనిషి. డబ్బు కడుతున్నాం కాబట్టి అడిగే హక్కు ఉంటుంది. తెలుగు వాక్యాలు మార్చమంటే నాకు రెండు రోజుల్లో మార్చారు.

మూడు, ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ (ఏబీడీఎం), అంటే ఆరోగ్య రికార్డులను కలిపే కేంద్ర ప్రభుత్వ పథకం. ఇది 2021 సెప్టెంబరు 27న దేశమంతా మొదలైంది. పేషెంటుకు 14 అంకెల ఆభా నంబరు, డాక్టరుకు హెల్త్‌కేర్ ప్రొఫెషనల్స్ రిజిస్ట్రీలో, క్లినిక్‌కి హెల్త్ ఫెసిలిటీ రిజిస్ట్రీలో నమోదు ఉంటాయి. "మాది ఏబీడీఎం సర్టిఫైడ్" అని అందరూ అంటారు, ఎంతవరకు అన్నది అడగండి. అందులో మూడు మెట్లున్నాయి. ఎం1 అంటే ఆభా నంబరు తయారుచేయడం, సరిచూడటం. ఎం2 అంటే మన చీటీని పేషెంటు ఆభాకు జతచేయడం. ఎం3 ఉంటేనే ఇంకో ఆస్పత్రి రికార్డు, పేషెంటు ఒప్పుకుంటే, మన తెర మీదకు వస్తుంది. విజయవాడలో స్టెంట్ వేయించుకుని డిశ్చార్జి కాగితం ఇంట్లో మర్చిపోయి వచ్చిన పేషెంటును ఒక్కసారి చూసినవాళ్లకు ఎం3 విలువ చెప్పక్కర్లేదు. అయితే అవతలి ఆస్పత్రి కూడా రికార్డు జతచేసి ఉండాలి, లేకపోతే మన ఎం3 ఖాళీ డబ్బా.

ఒక జాగ్రత్త. మన ఊళ్లలో ఒకే ఫోన్ నంబరు మీద ఇంటిల్లిపాదీ ఉంటారు. నంబరు కొట్టగానే మామగారి చీటీ తెరుచుకుని, కోడలి మందు అందులో పడే ప్రమాదం ఉంది. పేరు, వయసు పెద్ద అక్షరాల్లో కనిపించే సాఫ్ట్‌వేరే తీసుకోండి.

### సొంత సర్వర్

బామ్నీ అనే ఓపెన్ సోర్స్ (ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగల) ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ దగ్గర గనియారీలోని జన స్వాస్థ్య సహయోగ్ ఆస్పత్రి అవసరాల నుంచి పుట్టింది. ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే రికార్డుల సాఫ్ట్‌వేర్ మీద కట్టారు. చీటీ, ల్యాబ్, బిల్లు అన్నీ కలిసి ఉంటాయి, లైసెన్సు ఖర్చు లేదు, సర్వర్ మన గదిలోనే కాబట్టి ఇంటర్నెట్ పోయినా నడుస్తుంది. కానీ బ్యాకప్ తీసే మనిషి, పాడైతే బాగుచేసే మనిషి జీతం మీద ఉండాలి. 30 పడకలు దాటిన ఆస్పత్రికో ట్రస్టు ఆస్పత్రికో ఇది బాగుంటుంది. ఒంటి డాక్టరు క్లినిక్‌కి ఇది పెరట్లో ఏనుగును కట్టేసుకోవడమే.

## ఒకచోట పెట్టి చూస్తే

| | పేషెంటుకు తెలుగు | షాపుకు స్పష్టత | మొదటి నెల ఆలస్యం | మందుల తనిఖీ (అలర్ట్‌లు) | ఇంటర్నెట్ పోతే | రికార్డు మన చేతిలో |
|---|---|---|---|---|---|---|
| గళ్ల ప్యాడ్ | టిక్ గళ్ల వరకు | రాతను బట్టి | లేదు | లేదు | ఇబ్బంది లేదు | కార్బన్ ఉంటే |
| స్మార్ట్ పెన్ | లేదు | రాతను బట్టి | తక్కువ | లేదు | కంపెనీని బట్టి | బొమ్మల రూపంలో |
| వర్డ్ ఫైలు | మన ఇష్టం | బాగుంటుంది | ఓ మోస్తరు | లేదు | ఇబ్బంది లేదు | ఉంది, వెతకడం కష్టం |
| ఉచిత యాప్ | అనువాదం సరిచూడాలి | బాగుంటుంది | ఎక్కువ | ఉంటుంది | చాలావరకు ఆగుతుంది | రాతలో అడగాలి |
| చందా సాఫ్ట్‌వేర్ | మార్పించుకోవచ్చు | బాగుంటుంది | ఎక్కువ | ఉంటుంది | ఆఫ్‌లైన్ ఉందేమో చూడాలి | ఒప్పందంలో రాయించాలి |
| సొంత సర్వర్ | మనమే పెట్టుకోవాలి | బాగుంటుంది | చాలా ఎక్కువ | పెట్టుకుంటే | నడుస్తుంది | పూర్తిగా |

## ఆపే తప్పులు, తెచ్చే తప్పులు

బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆస్పత్రిలో మందుల ఆర్డర్లు కంప్యూటర్‌లోకి మార్చాక తీవ్రమైన మందుల పొరపాట్లు 55 శాతం తగ్గాయని 1998లో తేలింది. అమ్మేవాళ్లు చూపించేది ఇలాంటివే. 2005లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆస్పత్రిలో చేసిన ఇంకో అధ్యయనం, కంప్యూటర్ ఆర్డర్ల వల్లే వచ్చే 22 రకాల పొరపాటు అవకాశాలను లెక్కపెట్టింది. రెండూ నిజమే.

చేతిరాతలో షుగర్‌కిచ్చే మెట్‌ఫార్మిన్, ఇన్ఫెక్షన్‌కిచ్చే మెట్రోనిడజోల్ ఒకదానికొకటి మారేది అక్షరాలు కలిసిపోయి. సాఫ్ట్‌వేర్‌లో 'మెట్' అని కొట్టగానే రెండూ ఒకదాని కింద ఒకటి వస్తాయి, వేలు జారితే చాలు. పైగా ఈసారి షాపులో ఎవరికీ అనుమానం రాదు, అచ్చులో స్పష్టంగా ఉంది కదా.

నన్ను ఎక్కువ భయపెట్టేది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఏ మందు ఎంచుకున్నా 'రోజూ' అని ముందే నిండిపోయి ఉంటుంది. అది మార్చడం మర్చిపోతే ప్రాణం మీదకు వస్తుంది. నేను దానికి విడిగా సెట్ చేసి, 'వారానికి ఒక్కసారే, బుధవారం' అని తెలుగులో వారం పేరుతో సహా రాయించాను. డెమోకి వచ్చినవాళ్లను మొదట ఈ మందే కొట్టి చూపించమనండి. 'రోజూ' అన్నప్పుడు అది అడ్డుపడకపోతే మిగతా గొప్పలు వినక్కర్లేదు.

ఇక అలర్ట్‌లు. ప్రతిదానికీ ఎర్ర డబ్బా వస్తుంటే పదో పేషెంటు నుంచి చదవకుండా మూసేస్తాం. డాక్టర్లు 49 నుంచి 96 శాతం వరకు అలర్ట్‌లను దాటేస్తున్నారని 2006లో వచ్చిన ఒక సమీక్ష చెప్పింది. చిన్నవి ఆపేసి, అలర్జీ, గర్భం, కలిపి వాడితే ప్రమాదకరమైన మందుల జంటలు మాత్రం ఉంచుకునే వీలున్న సాఫ్ట్‌వేర్ తీసుకోండి.

## మీరు ఎవరైతే ఏది

సాయంత్రం ఓపీ కిక్కిరిసే జనరల్ ఫిజీషియన్: చందా సాఫ్ట్‌వేర్. కానీ అందరికీ ఒకేసారి వద్దు. మొదటి నెల బీపీ, షుగర్, థైరాయిడ్ రివ్యూ పేషెంట్లకే ప్రింట్ ఇవ్వండి. వాళ్లకు మందులు పెద్దగా మారవు, వచ్చే నెలకు రికార్డు తయారుగా ఉంటుంది. జ్వరాలు, దగ్గులు గళ్ల ప్యాడ్ మీదే నడవనివ్వండి. టైపింగ్‌కు మనిషిని పెట్టుకుంటే సంతకం పెట్టేముందు ప్రతి చీటీ మీరే చదవాలి, అందులో రాజీ లేదు.

పిల్లల డాక్టరు: బరువును బట్టి డోసు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ తప్ప మరొకటి వద్దు. 10 కిలోల బిడ్డకు పారాసిటమాల్ 150 మిల్లీగ్రాములు ఇవ్వాలనుకుంటే, 5 మిల్లీలీటర్లలో 125 ఉండే సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు, 250 ఉండేదైతే 3. షాపులో ఒకటి లేదని రెండోది ఇస్తే డోసు రెట్టింపో సగమో అవుతుంది. కాబట్టి చీటీ మీద మిల్లీలీటర్లతో పాటు సిరప్ బలం, బిడ్డ బరువు కూడా ప్రింట్ కావాలి. 'ఒక చెంచా' అన్న మాట ఎక్కడ కనిపించినా తీయించేయండి. మన ఇళ్లలో చెంచాలు ఎన్ని సైజుల్లో ఉంటాయో తెలిసిందే.

మానసిక వైద్యులు, నొప్పి వైద్యం చేసేవాళ్లు: మీకు కాగితం పూర్తిగా పోదు. మిథైల్‌ఫెనిడేట్, కెటమిన్ లాంటి షెడ్యూల్ ఎక్స్ మందులకు చీటీ రెండు ప్రతులు కావాలి, ఒకటి షాపులో రెండేళ్లు ఉంటుంది. ట్రమడాల్, ఆల్ప్రజోలమ్ లాంటి షెడ్యూల్ హెచ్1 మందులు ఇచ్చినప్పుడు షాపువాళ్లు డాక్టరు పేరు, చిరునామా, పేషెంటు పేరు విడి రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు దాచాలి. చీటీ మీద మీ చిరునామా లేకపోతే ఇబ్బంది పడేది వాళ్లే.

ఫోన్‌లో చూసేవాళ్లు: హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న కొడుకు ఫోన్ చేసి "నాన్నకు చీటీ వాట్సాప్‌లో పెట్టండి సార్" అనడం ఇప్పుడు మామూలే. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం సంతకం పెట్టిన చీటీ ఫొటో అయినా, ఈ-ప్రిస్క్రిప్షన్ అయినా పేషెంటుకు పంపవచ్చు. షెడ్యూల్ ఎక్స్ మందులు, మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందకు వచ్చే మందులు మాత్రం ఫోన్‌లో రాయకూడదు. నేరుగా మందుల షాపుకు పంపాలంటే పేషెంటు స్పష్టంగా ఒప్పుకోవాలి. ఏ షాపులో కొనుక్కోవాలన్నది వాళ్లిష్టం. పంపినదాని కాపీ మన దగ్గర ఉంచుకోవడం మన బాధ్యత కాబట్టి, ఫోన్ గ్యాలరీలో పెళ్లి ఫొటోల మధ్య కాకుండా సాఫ్ట్‌వేర్‌లో ఉండటం మంచిది.

పీహెచ్‌సీ డాక్టర్లు: మీకు ఎంపిక పెద్దగా లేదు. ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో చూసినవాళ్లకు అందులో వచ్చిందే చీటీ. ప్రింట్ ఇచ్చేటప్పుడు పక్కన పెన్నుతో రెండు ముక్కలు తెలుగులో రాయండి, చాలు.

## డబ్బు కట్టే ముందు నాలుగు పరీక్షలు

డెమోలో కంపెనీ మనిషి కొట్టి చూపిస్తాడు, వాడి వేళ్లు అలవాటు పడ్డవి. కుర్చీలో మీరు కూర్చోండి. మీ పాత చీటీలు పది తీసుకుని, ఫోన్‌లో గడియారం పెట్టుకుని కొట్టండి.

ఆ పది ప్రింట్లలో రెండింటిని పక్కనున్న మందుల షాపుకు పంపండి. ఇంకో రెండు బెంచీ మీద కూర్చున్న పేషెంటుకు ఇచ్చి, ఏ మాత్ర ఎప్పుడో చెప్పమనండి. చదవడం రానివాళ్లు ఉంటారు కాబట్టి సూర్యుడు, చంద్రుడు బొమ్మలు పెట్టే వీలుందేమో చూడండి.

ఆ పదిమంది రికార్డులు మొత్తం బయటకు తీసి ఇమ్మనండి. ఎక్సెల్‌లో, పేరు, తేదీ, మందు విడివిడి గళ్లలో వస్తే సరే. "సార్, అది తర్వాత చూద్దాం" అంటే కొనడం కూడా తర్వాత చూద్దాం.

వైఫై తీసేసి పదకొండో చీటీ కొట్టండి.

ప్రింటరు విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయొద్దు. బిల్లులు కొట్టే థర్మల్ ప్రింటరు చౌక, చిన్నది, టేబుల్ మీద చోటు తినదు. కానీ ఆ కాగితం మీద అక్షరాలు వేడికి వెలిసిపోతాయి. మా పేషెంట్లు చీటీని మడిచి జాకెట్లోనో చొక్కా జేబులోనో మే నెల ఎండలో తిప్పుతారు, రివ్యూకి వచ్చేసరికి తెల్ల కాగితం మిగిలేది. మామూలు బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటరు, అర ఏ4 కాగితం, ఇన్వర్టర్ మీద కనెక్షన్. లేజర్ ప్రింటరు వేడెక్కేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది, ఇన్వర్టర్ ఎంత మోస్తుందో ఎలక్ట్రీషియన్ని అడిగి పెట్టండి.

సొరుగులో గళ్ల ప్యాడ్ ఒకటి ఎప్పుడూ ఉండనివ్వండి, నంబర్లు వేసి, కార్బన్‌తో సహా. ప్రింటరు ఆగిపోయిన రోజు దాని మీద రాసి, రాత్రి ఓపీ అయ్యాక నంబరు ప్రకారం సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం మా కాంపౌండర్ పని. చీటీ ఇస్తూ ఎప్పుడు వేసుకోవాలో నోటితో చెప్పే పని కూడా మళ్లీ అతనికే అప్పజెప్పాను.